మేలుపిండి పడని పాప

భరణి కార్తె, మొదటి వారం

ఉత్తరపు అంచున రెండు రేకులు గాలికి లేచాయి. పొద్దు పొడవకముందే స్తంభమెక్కి బిగించాను. ఇంకో రేకు మూల చిరిగి ఉంది. తీగతో కుట్టు వేసి పైన జిగురు పట్టీ అతికించాను. ఆ చిరుగులోంచి చారెడు ఎండ కింద పిల్లల బడి గోడ మీద పడుతుండేది. ఇప్పుడు పడదు.

ఎండ తగలకుండా ఊరంతటి మీదా రేకులు కప్పిన గొడుగు ఇది. దాని కాపలా మనిషి రోజూ ఇలా రాయాలి. రాసింది గోదాములో చేరుతుంది. అక్కడ దాన్ని ఎవరూ చదవరని నాకు ముందు కాపలా చేసిన ఆయనే చెప్పాడు. అందుకే రేకుల సంగతి అయ్యాక మిగిలిన చోట నాకు తోచింది రాస్తుంటాను. మాట్లాడటానికి ఇంట్లో నాకున్నది నా బిడ్డ చిత్ర ఒక్కతే. దానికి ఆరేళ్ళు. వాళ్ళ నాయన రెండో గొడుగులో వేరే కాపురం పెట్టుకుని చాలా కాలమైంది.

ఈ పొద్దు వంటసాలలో రెండో బంతి వాళ్ళందరూ తిని లేచి చేతులు కడుక్కున్నా చిత్ర చాప మీదే ఉంది. సంగటి ముద్ద సగం కూడా తగ్గలేదు. చిన్న తుంచు నోట్లో పెట్టుకుని, నమిలి నమిలి, ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చి, చివరికి నీళ్ళు పట్టి మింగుతుంది. మింగాక కాసేపు కళ్ళు మూసుకుంటుంది. మా మూడో గొడుగులో పిల్లలంతా దాన్ని 'నిదానం' అని పిలుస్తారు.

వంటసాల పెద్ద కుళ్ళాయప్ప చీపురు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఏం పాపా, ఇంగా అయిపోల్యా? మూడో బంతికి చాపలు దులపల్ల."

"అయిపోతాది తాతా," అంది చిత్ర, బుగ్గ ఉబ్బెత్తుగా ఉండగానే.

"నాగవేణీ, నువ్వన్నా చెప్పు మా. మేలుపిండి పారేసేది గాదు గదా."

నిజమే, పారేసేది కాదు. వంటసాల వెనక తొట్లలో అది రాత్రింబవళ్ళు పొంగుతుంది. సంగటి, రొట్టె, పాలు, పులుసులో ముక్కలు, పండగ లడ్డు, అన్నీ దాంతోనే. నేల మీద పంట పండటం ఆగిపోయాక మా అమ్మమ్మ తరాన్ని బతికించింది అదే. పెద్దవాళ్ళు ఇప్పటికీ మొదటి ముద్ద కళ్ళకద్దుకుని తింటారు.

చిత్ర మిగిల్చింది నేను తినేశాను.

భరణి కార్తె, రెండో వారం

రేకులన్నీ బాగున్నాయి.

చిత్ర పొద్దున తిన్నదంతా కక్కుకుంది. ఈ వారంలో ఇలా అయ్యింది ఒకసారి కాదు. రొమ్ము ఎముక కింద చెయ్యి పెట్టి "ఈడ" అంటుంది. ఈడ ఏమని అడిగితే చెప్పలేదు. పోయిన ఏడాది గౌను ఈ ఏడాదీ సరిపోతోంది. పక్కింటి ఓబులవ్వ అది చూసి, "బట్ట మిగిలింది అనుకుంటివా, బిడ్డ మిగల్లేదు మా," అంది. ఆ మాట చాలాసేపు నన్ను వదలలేదు.

వైద్యపెట్టె దగ్గరికి తీసుకుపోయాను. చిత్ర అరచెయ్యి లోపల పెట్టింది. పెట్టె రక్తం తీసుకుని, ఎప్పటిలాగే తియ్యని గొంతుతో చెప్పింది: "రక్తంలో ఏ లోపమూ లేదు. ఏ ఆహారానికీ అలర్జీ కనిపించలేదు. పాప బరువు తక్కువగా ఉంది. కథలు చెబుతూ, మురిపిస్తూ తినిపించండి."

కథలు నేను చెబుతూనే ఉన్నాను. నా దగ్గర కథలు కూడా అయిపోయాయి.

వాళ్ళ నాయనకు ఫోను చేశాను. ఆయన వెనక ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. "నువ్వు గారాబం చేసి చెడగొట్టినావు. ఆకలైతే అదే తింటాది లే," అన్నాడు. గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన ఫోను పెట్టేశాడు.

కృత్తిక కార్తె

పడమటి వరుస చూడలేదు. కారణం రాస్తాను.

మధ్యాహ్నం బంతిలో పులుసు పోశారు. చిత్ర ఒక ముక్క మింగింది, అంతే. నీళ్ళు తాగబోతే అవి అలాగే వెనక్కి వచ్చాయి. లాలాజలం కూడా లోపలికి పోవడం లేదు, నోటి మూలల నుంచి ధారగా కారుతోంది. ఊపిరి ఆడుతోంది గానీ మెడ ముందుకు చాచి, కదిలితే ఏమవుతుందో అన్నట్టు రాయిలా కూర్చుంది. ఏడవలేదు. నన్ను చూస్తూ ఉంది, అంతే.

బంతి మొత్తం లేచి చుట్టూ చేరింది. ఒకరు వీపు మీద చరచమన్నారు. ఒకరు ఇంకో ముద్ద పెట్టి తోయమన్నారు. నేను ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఎందుకో తెలియదు, దాని కళ్ళు వద్దన్నాయి. చాలాసేపటికి లోపల ఏదో జారినట్టు భుజాలు వదులయ్యాయి. వెంటనే నిద్రపోయింది, నా ఒళ్ళో, చాప మీదే.

ఆ తర్వాత కుళ్ళాయప్ప దగ్గరికి వెళ్ళాను. ఆయన ఊరి పెద్దల్లో కూడా ఒకడు.

"తుంగ గొడుగులో పిల్లల కడుపు డాక్టరు ఉందంట. చూపించుకోని వస్తా."

"పెట్టె ఏం లేదని చెప్పె గదా."

"పెట్టె రక్తం చూస్తాది. గొంతు చూడదు గదా."

ఆయన తొట్టి మూత సర్దాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు: "రోహిణి ఎండకు పట్టాలు సాగుతాయి, రైలుబండి నిలిచిపోతాది. ఇప్పుడు పోతే మృగశిర దాకా వచ్చేకి గాదు. గొడుగు ఎవురు చూడల్ల?"

"ఎవురన్నా చూడండి. చిత్రను చూసేకి నేను తప్ప ఎవురూ ల్యారు."

ఇంతకుముందెన్నడూ ఆయనతో నేను అలా మాట్లాడలేదు. తొట్టి మూత ఇంకోసారి నొక్కి, "పో మా," అన్నాడు. ఇచ్చిన అనుమతిలో కోపం ఉందో జాలి ఉందో నాకు తెలియలేదు.

కృత్తిక కార్తె, చివరి రోజులు. తుంగ గొడుగు

రేకుల గురించి రాయడానికి ఏమీ లేదు. నా గొడుగు కాదు ఇది. కానీ రాసే అలవాటు పోవడం లేదు.

బండికి కిటికీలు లేవు. ఎండ లోపలికి రాకుండా మూసేసిన డబ్బాలు. చిత్ర నా తొడ మీద తల పెట్టుకుని, బయట ఏముందని అడిగింది. ఏమీ లేదన్నాను. ఏమీ లేకపోతే ఎట్లుంటాది అని అడిగింది.

ఇక్కడ గాలికి నీటి వాసన ఉంది. తుంగభద్ర ఇంకా ఒక పాయ పారుతోంది.

డాక్టర్ నస్రీన్‌కు అరవై దాటి ఉంటాయి. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. బల్ల వెనక కూర్చోలేదు. వచ్చి మా ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేను తీసుకుపోయిన సంగతులన్నీ చెప్పడం మొదలుపెడితే చెయ్యి ఎత్తి ఆపింది.

"మీరు తర్వాత చెప్పండమ్మా. ముందు పాపని చూడనీండి." చిత్ర చేతిలో రొట్టె ముక్క పెట్టింది. "తిను బేటా. తొందరేం లేదు."

చిత్ర తిన్నది. డాక్టరు ముందుకు వంగింది. ఎంతసేపు నమిలిందో, నీళ్ళకు ఎప్పుడు చెయ్యి చాచిందో, మింగేటప్పుడు మెడ ఎలా సాగిందో చూసింది. అలా ఓపిగ్గా నా బిడ్డ తినడాన్ని నేను తప్ప ఇంకొకరు చూడటం అదే మొదటిసారి.

"నొప్పి ఉంటాదా బేటా?"

"లేదు."

డాక్టరు నా వైపు తిరిగింది. "ఎప్పటి నుంచి నీళ్ళు పట్టి మింగుతాంది?"

"సంగటి పెట్టినప్పటి నుంచి మేడమ్. అది దాని అలవాటు అనుకున్నా."

"అలవాటు గాదమ్మా. దానికి తెలిసిన వైద్యం."

మరుసటి రోజు చిత్రకు మత్తు ఇచ్చి ఎండోస్కోపీ చేశారు. నోటి గుండా సన్నని గొట్టం పంపి, చివర దీపంతో లోపల చూస్తారు. తలుపు బయట నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఎదురుగా ఒక కుటుంబం ఉంది. తల్లి, తండ్రి, ఇద్దరు అత్తలు, ఎవరికోసమో ఎదురు చూస్తున్నారు. ఒకరి నీళ్ళ సీసా ఒకరు అందుకుంటున్నారు. నేను అటు చూడటం మానేశాను.

డాక్టరు బొమ్మ చూపించింది. గొంతు నుంచి కడుపుకు పోయే దారి. నున్నగా ఉండాల్సింది, లోపల గాజులు పేర్చినట్టు వలయాలు వలయాలుగా బిగుసుకుని ఉంది. మధ్యలో తెల్లని పొక్కులు.

"బాధ కడుపుది గాదు, కడుపు దాకా పోయే దారిది," అంది. "పాప తినేదాంట్లో ఏదో ఒకటి దాని ఒంటికి పడదు. ఒళ్ళు దాన్ని శత్రువు అనుకోని పోట్లాడతాంది. రోజూ, ప్రతి ముద్దతోనూ. ఆ పోట్లాటకి దారి వాచిపోయి సన్నబడింది."

"మరి రక్తంలో ఏం లేదని పెట్టె చెప్పింది?"

"ఇది రక్తంలో కనపడే రకం గాదు. ఆ దారి లోపలి నుంచి చిన్న ముక్క తీసి చూడల్ల. ఇప్పుడే తీసినాను."

"నాది తప్పేమన్నా ఉందా మేడమ్?"

అలా అడగాలని నేను అనుకోలేదు. నోటి నుంచి వచ్చేసింది. ఆమె గొట్టం తుడుస్తున్న చెయ్యి ఆపింది.

"లేదు. పాపది కూడా లేదు. అది మొండిది గాదు. ఇంత సన్న దారిలో ఇన్నేళ్ళు తినిందంటే చానా ఓపిక గల బిడ్డ."

రోహిణి కార్తె

బండి నిలిచిపోయింది. రోహిణిలో రోళ్ళు పగులుతాయని సామెత. రోళ్ళు ఎవరి దగ్గరా లేవు గానీ గొడుగు స్తంభాలు టక్కుటక్కుమని సాగే చప్పుడు పగలంతా వినిపిస్తుంది. ఏ స్తంభం మొర్రో అంటోందో చెవులు వాటంతట అవే వెతుకుతాయి.

ముక్క ఫలితం వచ్చింది. డాక్టరు తలుపు వేసి చెప్పింది.

"మేలుపిండి."

"మేలుపిండిలో ఏది మేడమ్?"

"మేలుపిండే. పాప తినేదంతా అదే గాబట్టి, దానిలో ఉండే మాంసకృత్తి పడలేదని అనుకుంటాండా. సంగటైనా, పాలైనా, లడ్డైనా, పేరు మారుతాది గానీ అది అదే."

నేను నవ్వాననుకుంటాను. నవ్వు లాంటిదే ఏదో వచ్చింది. "మా ఊర్లో అది గాక ఇంగేమీ లేదు మేడమ్."

"తెలుసు. మీ ఊర్లోనే గాదు."

ఆమె ఒక డబ్బా తీసింది. ఆహారంలోని సారాన్ని చిన్న చిన్న అంశాలుగా విడగొట్టి చేసిన పొడి అట. దాంతో పోట్లాడటానికి ఒంటికి ఏమీ దొరకదు. పునర్వసు దాకా చిత్ర ఆ పొడి కలిపిన నీళ్ళే తాగాలి. ఇంకేదీ నోట్లో పెట్టకూడదు, వేలికి అంటిన పిండి కూడా. అప్పుడు మళ్ళీ గొట్టం వేసి చూస్తుంది. వాపు తగ్గితే మేలుపిండే కారణమని రూఢి అవుతుంది. ఆ తర్వాత తన పెరట్లో, నది నీటి మీద పెంచుతున్న కొర్రలతో మొదలుపెడదామంది.

"తగ్గకపోతే?"

"తగ్గకపోతే ఇంగొకటి వెతుకుదాం. ఇట్లే వదిలేస్తే మాత్రం దారి ఇంగా సన్నబడతాది. ఒకరోజు ఇరుక్కున్నది జారదు."

చిత్ర మొదటి గుటక తాగి మొహం చిట్లించింది. "ఇనుము మాదిరి ఉంది మా," అంది. అయినా గ్లాసు కింద పెట్టలేదు.

మృగశిర కార్తె. మూడో గొడుగు

నేను లేనప్పుడు పడమటి వరుసలో చాలా రేకులు వంగాయి. దినమంతా స్తంభాల మీదే ఉన్నాను. మృగశిర కురిస్తే ముంగిళ్ళు చల్లబడతాయని మా అమ్మమ్మ అనేదట. ఆకాశంలో దుమ్ము తప్ప ఏమీ లేదు.

చిత్రను బంతికి తీసుకుపోయాను. దాని ముందు పళ్ళెం లేదు, నీళ్ళ గ్లాసు ఒక్కటే. వడ్డించేవాళ్ళు రెండుసార్లు ఆగి మళ్ళీ ముందుకు పోయారు. పక్కన కూర్చున్న పిల్ల కొంచెం జరిగింది. తర్వాతి రోజు ఇంకొంచెం జరిగింది. అంటుకుంటుందని ఎవరో చెప్పారట. ఒక పిల్లవాడు తన పాలు తాగనని మొండికేసి, "నిదానానికి పెట్టరు గదా, నాకెందుకు," అన్నాడు.

ఆ సాయంత్రం కుళ్ళాయప్ప మా ఇంటికి వచ్చాడు. గడప దాటలేదు.

"నాగవేణీ, తప్పుగా అనుకోవద్దు. పాపని కొన్నాళ్ళు బంతికి తేవద్దు."

"ఏం చేసింది పాప?"

"ఏమీ చేయలే. మేలుపిండి పడదు అంటే జనానికి భయం మా. ఆ తొట్లు లేకపోతే మనమెవురూ ల్యాము. రేపు ఇంగొకరు పడదంటారు, ఎల్లుండి ఇంగొకరు. అప్పుడు ఏం పెట్టల్ల నేను?"

ఆయన గొంతులో చెడ్డతనం లేదు. అదే కష్టంగా ఉంది.

అప్పటి నుంచి చిత్ర ఇంట్లోనే తాగుతుంది. దాని ఎదురుగా తినడం నాకు ఇష్టం లేదు. నా రొట్టె గుడ్డలో చుట్టుకుని స్తంభం పైకి తీసుకుపోయి, రేకుల కింద కూర్చుని తింటాను. దిగే ముందు చేతులు, మూతి ఇసుకతో రుద్ది తుడుచుకుంటాను. పైనుంచి చూస్తే ఊరంతా వంటసాలలోకి పోవడం, వంటసాల నుంచి రావడం కనిపిస్తుంది. మా ఇంటి గుమ్మంలో చిత్ర ఒక్కతే, మోకాళ్ళ మీద గ్లాసు పెట్టుకుని.

బంతి వేళకు అది వంటసాల వెనక గోడకు ఆనుకుని కూర్చుంటోందని నిన్న తెలిసింది. ఎందుకని అడిగాను.

"మాట్లాడుకునేది ఇనపడతాది," అంది.

ఆరుద్ర కార్తె

ఏ వరుసా చూడలేదు.

ఊరంతా తలుపులు వేసుకుని పడుకునే మధ్యాహ్నపు వేళ. నేను కునుకు తీసి లేచేసరికి చిత్ర మంచం పక్కన కూర్చుని ఉంది. మెడ ముందుకు చాచి. ఒళ్ళో గుడ్డ లాలాజలంతో తడిసిపోయింది. నోరు తెరిపించి చూస్తే పళ్ళ సందున పసుపు రంగు. లడ్డు.

"ఎవురిచ్చినారు?"

మాట రాలేదు. వేలు పక్కింటి గోడ వైపు చూపించింది.

ఎత్తుకుని వైద్యపెట్టె ఉన్న ఆరోగ్య గదికి పరిగెత్తాను. ఎండకు నేల కాలుతోంది, చెప్పులు వేసుకోలేదని అక్కడికి పోయాక తెలిసింది. ఫోనులో డాక్టర్ నస్రీన్ దొరికింది.

"ఊపిరి బాగా ఆడుతాందా?"

"ఆడుతాంది."

"నీళ్ళు ఇయ్యద్దు. దేంతోనూ తోయద్దు. నిలువుగా కూచోబెట్టండి. నేను బండి వాళ్ళతో మాట్లాడతా. బండి వచ్చేలోపల జారకపోతే ఎక్కించండి, నేను సిద్ధంగా ఉంటా. అమ్మా, వింటాండారా?"

"వింటాండా."

"భయపడద్దు అని చెప్పను. పాప ముందు మాత్రం భయపడద్దు."

నేను దాని ఎదురుగా కూర్చుని కథ మొదలుపెట్టాను. అయిపోయిన కథలే, మళ్ళీ మొదటి నుంచి. ఎక్కడో మధ్యలో పేర్లు తారుమారయ్యాయి. చిత్ర తల అడ్డంగా ఊపి తప్పు దిద్దింది, నోటి నుంచి చొంగ కారుతుండగానే. బండి కూత దూరంగా వినపడే వేళకు దాని ఒళ్ళంతా ఒక్కసారి బిగిసి, ముద్ద బయట పడింది. రేగిపండంత కూడా లేదు. నెత్తురు చారలు ఉన్నాయి.

ఇంటికి తిరిగి వచ్చి ఓబులవ్వ తలుపు కొట్టాను. ఆమె నిద్రలో లేచి వచ్చింది. నేను అరిచిన మాటలు ఇక్కడ రాయను. వీధి మొత్తం తలుపులు తెరుచుకున్నాయి.

"బిడ్డ ఎండిపోయినాది మా," అంది ఓబులవ్వ. "నీళ్ళు తాగి ఎట్ల బతుకుతాది? గోడ కాడ కూచోని వాసన పీలుస్తాంటే కడుపు తరుక్కపోయి, ఒకటే ఒకటి..."

"ఆ ఒక్కటే చంపేది దాన్ని!"

ఆమె వెనక్కి జరిగింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది. చిత్ర పుట్టినప్పుడు బొడ్డు కోసింది ఆ చేతులే. మా గడప తొక్కే మనిషి ఈ ఊళ్ళో ఆమె ఒక్కతే ఉండేది. ఇక ఆమె కూడా రాదు.

పునర్వసు కార్తె. తుంగ గొడుగు

రెండోసారి గొట్టం వేశారు. నేను అదే బెంచీ మీద కూర్చున్నాను. ఈసారి ఎదురుగా ఎవరూ లేరు.

డాక్టరు బయటికి వచ్చి రెండు బొమ్మలు పక్కపక్కన పట్టుకుంది. గాజుల్లాంటి వలయాలు చాలావరకు పోయాయి. పొక్కులు లేవు. దారి లేత గులాబీ రంగులో ఉంది. ఆమె ఏమీ చెప్పకముందే నేను గోడకు ఆనుకున్నాను.

"మేలుపిండే," అంది. "ఇంగ దాని జోలికి పోవద్దు."

ఆ సాయంత్రం పెరట్లో చిన్న పొయ్యి వెలిగించింది. మా గొడుగులో ఇళ్ళలో మంట పెట్టకూడదు. లోపల పుట్టిన వేడి బయటికి పోయే దారి లేదు. వంటసాలలో కూడా ఆవిరి యంత్రాలే. చిత్ర మంటను చూడటం ఇదే మొదలు. నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక నిలబడి, తల మాత్రం బయట పెట్టి చూసింది. కొర్రలు కుతకుత ఉడికాయి. ఆ వాసన నాకు తెలియదు. తెలియని వాసనకు నోట్లో నీళ్ళు ఎందుకు ఊరాయో అర్థం కాలేదు.

డాక్టరు పళ్ళెంలో మెత్తగా కలిపి, ఉప్పు వేసి పెట్టింది. "కొంచెమే బేటా. ఈ పూటకి కొంచెమే."

చిత్ర అలవాటుగా నీళ్ళ గ్లాసు పక్కకు జరుపుకుంది. ఒక తుంచు తీసుకుంది. నమిలింది. చాలాసేపు నమిలింది. మింగింది. కళ్ళు మూసుకుని ఆగింది. నేను దాని గొంతునే చూస్తున్నాను. కళ్ళు తెరిచింది. రెండోది తిన్నది. మూడోదానికి గ్లాసు మీద పెట్టిన చెయ్యి తీసేసింది. నాలుగోది నమిలీ నమలకుండానే మింగింది. మింగి, వేళ్ళు గొంతు మీద పెట్టుకుని, అక్కడి నుంచి కిందికి రొమ్ము దాకా మెల్లగా జార్చింది. ఏదో వెతుకుతున్నట్టు.

"మా."

"ఏం నాయనా?"

"నొప్పి లేదు."

"నొప్పి ఉండేదా? అడిగితే లేదంటివి గదా?"

అది నా వైపు విచిత్రంగా చూసింది. "తింటే నొప్పి ఉంటాది గదా. ఎవురికైనా." మళ్ళీ గొంతు తడుముకుంది. "ఉండదా? బంతిలో అందరూ... ఊరికేనే తింటాండ్రా?"

డాక్టరు పొయ్యి వైపు తిరిగి కట్టెలు సర్దసాగింది. అవి సర్దాల్సిన అవసరం లేదు.

ఆరేళ్ళు దాని పక్కనే కూర్చుని తిన్నాను. అందరూ ఓర్చుకుంటున్నారు, తానొక్కతే నిదానం అనుకుంది పిల్ల. నాకెవరూ లేరని ఈ పేజీల్లో ఎన్నిసార్లు రాసుకున్నానో. ఆ బంతి నడుమ కూర్చుని అది ఎంత ఒంటరిగా ఉందో నాకు తట్టనే లేదు.

"ఊరికేనే తింటారు నాయనా," అన్నాను. "ఇంగ నువ్వు కూడా."

అది ఆలోచించింది. పళ్ళెం నా వైపు తోసింది.

"ఇంగొంచెం పెట్టు."

పుట్టినప్పటి నుంచి ఆ మాట దాని నోట నేను వినలేదు.

పుష్యమి కార్తె. మూడో గొడుగు

ఉత్తరపు అంచు, పడమటి వరుస బాగున్నాయి. తూర్పున ఒక స్తంభానికి నూనె పెట్టాలి.

డాక్టరు ఒక మూట కొర్రలు, ఒక పిడికెడు విత్తనం ఇచ్చింది. విత్తనం మొలిస్తే మొలుస్తుంది. బంతిలో చిత్రకు ఇంకా చోటు లేదు. పెద్దలు కూర్చుని మాట్లాడారు, తేలలేదు. ఇంట్లో పొయ్యి పెట్టుకోనివ్వమని అడిగితే కుళ్ళాయప్ప కుదరదన్నాడు. రెండు రోజుల తర్వాత తనే వచ్చి, గొడుగు అంచు దాటి, రేకుల నీడ తప్పిన చోట పెట్టుకోమన్నాడు. అక్కడి వేడి ఊరి లెక్కలోకి రాదు. పొయ్యికి మూడు రాళ్ళు కూడా తనే ఎత్తి పెట్టి వెళ్ళిపోయాడు.

అందుకని పొద్దు పొడవకముందు మేమిద్దరం అంచు దాటి బయటికి పోతాం. పైన రేకులు ఉండవు. ఒట్టి ఆకాశం. చిత్రకు మొదట భయమేసింది, ఇప్పుడు లేదు. ఎండ వచ్చేలోపల వండాలి, తినాలి, లోపలికి రావాలి. వెనక ఊరు నిద్ర లేచే చప్పుడు, మొదటి బంతి పిలుపు వినిపిస్తాయి. ఆ పిలుపు మాకు కాదు. చిత్ర ఒక్కసారి తల తిప్పి అటు చూస్తుంది, మళ్ళీ పళ్ళెంలోకి వంగుతుంది. పోయిన ఏడాది గౌను చంకల కింద బిగుతైంది. ఇవాళ కుట్లు విప్పాలి.

ఈ పొద్దు కొర్రలు ఉడుకుతుండగా అంచు దగ్గర ఎవరో నిలబడినట్టు అనిపించింది. ఓబులవ్వ. ఆరుద్ర నుంచి ఆమె మొహం నేను చూడలేదు. నీడ దాటి బయటికి రావడానికి కాసేపు వెనకాడింది. ఆ వయసులో ఎవరూ అంచు దాటరు. తర్వాత ఇసుకలో మెల్లగా నడిచి వచ్చింది. మా దగ్గరికి రాకముందే ఆగి, రెండు అరచేతులు తెరిచి చూపించింది. కొంగు కూడా విప్పి దులిపింది.

"ఏమీ తేల్యా మా," అంది. "ఊరికే కూచ్చుంటా."

నేను చాప అంచు ఆమె వైపు జరిపాను. ఆమె మోకాళ్ళ మీద చేతులు ఊని కూర్చుంది. చిత్ర తింటూ ఉంది. అవ్వ దాని గొంతు కదలడమే చూస్తూ ఉంది. ఎండ కాళ్ళ దాకా వచ్చాక ముగ్గురం లేచాం.